రంగు కింద చెక్క ఎంత మిగిలింది?

న్యూజెర్సీలో మా చెల్లెలు వాళ్ళు కొన్న ఇల్లు 1938 నాటిది. తాళాలు చేతికొచ్చిన మర్నాడే హాల్లో పాత కార్పెట్‌ని ఓ మూల పైకి లేపి చూసిందట. కింద నేలంతా చెక్క. వెంటనే ఫొటో వచ్చింది. తేనెరంగు పలకలు, వాటి మధ్య అరచేయంత నల్లమచ్చ, గోడవారన వరసగా మేకుల కన్నాలు. "అన్నయ్యా, దీనిమీద తెల్లరంగు కొట్టించేస్తే ఎలా ఉంటుంది? ఇల్లంతా వెలుగొస్తుంది కదా" అంది.

"ముందు వేడిగాలి వచ్చే జాలీ ఒకటి పైకి లాగి, ఆ కన్నం అంచు ఫొటో తీసి పంపు" అన్నాను.

రంగు సంగతి అడిగితే జాలీ గొడవేమిటని విసుక్కుంది. ఆమె తప్పేం లేదు. మనకి కాళ్ళకింద ఎర్ర గచ్చో, షాబాదు బండలో, కడప బండలో, ఈమధ్య అయితే టైల్సో తెలుసుగానీ, చెక్క నేల తెలియదు. మిద్దె మీద టేకు పలకలు పరిచిన పాత లోగిళ్ళు ఎక్కడో కొన్ని. హైదరాబాదు ఫ్లాట్ల పడగ్గదుల్లో ఇప్పుడు కనిపించే 'వుడెన్ ఫ్లోరింగ్' చాలామటుకు లామినేట్, అంటే నొక్కిన చెక్కపొట్టు అట్టమీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం. దాన్ని గీకడానికి వీల్లేదు, రంగు వేయడం దండగ. అందుకే అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్ళకి ఈ నేల కూడా గోడలాగే కనబడుతుంది. నచ్చకపోతే రంగు మార్చేద్దాం అనిపిస్తుంది.

ఇంతకీ జాలీ ఎందుకంటే, ఆ కన్నం దగ్గర పలకల్ని అడ్డంగా కోసి ఉంటారు. జాలీ తీస్తే పలక కడుపు కనిపిస్తుంది.

అక్కడి పాత ఇళ్ళలో మామూలుగా ఉండే ఓక్ పలక ముప్పావు అంగుళం మందం, రెండుంబావు అంగుళాల వెడల్పు ఉంటుంది. ఒక అంచున సన్నటి నాలుక, రెండో అంచున గాడి. ఒక పలక నాలుక పక్క పలక గాడిలో దూరి కూర్చుంటుంది. మేకుని ఆ నాలుక దగ్గరే ఏటవాలుగా దించుతారు కాబట్టి పైకి మేకు తల కనిపించదు. ఈ నాలుకకి పైన ఉన్న చెక్కే మన ఆస్తి. కొత్తలో అది పావు అంగుళం అటూఇటూగా ఉంటుంది. మెషీన్‌తో ఒకసారి పూర్తిగా గీకిస్తే, అంటే శాండింగ్ చేయిస్తే, అంగుళంలో 32వ వంతు పోతుంది. చెయ్యి తిరగనివాడి చేతిలో పడితే ఇంకా ఎక్కువే పోతుంది. ఆ లెక్కన పలక జీవితకాలంలో ఆరేడు శాండింగులు తట్టుకుంటుంది. పది పదిహేనేళ్ళకి ఒకటి చొప్పున వేసుకున్నా మూడు తరాల ముచ్చట. ఎనభయ్యేళ్ళు దాటిన ఇంట్లో అందులో ఎన్ని అయిపోయాయో, ఇంకా ఎన్ని మిగిలాయో స్కేలు పెట్టి చూసుకోవచ్చు. జాలీలు లేని ఇంట్లో అయితే రేడియేటర్ గొట్టం చుట్టూ ఉన్న కన్నం దగ్గరో, గడప పట్టీ ఊడదీసో చూడాలి.

అన్ని ఇళ్ళలోనూ ఇంత మందం ఉండదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, అంగుళంలో మూడో వంతు కూడా లేని సన్నటి ఓక్ పలకల్ని పైనుంచే మేకులు కొట్టి పరిచిన ఇళ్ళున్నాయి. వాటికి ఒకటి రెండు శాండింగులు అయ్యాయంటే ఇక చాలించుకోవాల్సిందే. నాలుక ఉన్న నేలలో కూడా అక్కడక్కడ మేకు తలలు మెరుస్తున్నా, పలక అంచులు పెళుసుగా చీలుతున్నా పైచెక్క అయిపోయిందని అర్థం. ఆ నేల మీద మళ్ళీ మెషీన్ పెట్టకూడదు.

చెల్లెలు ఫొటో పంపింది. నాలుకపైన దాదాపు ఐదు మిల్లీమీటర్లు. బంగారంలాంటి నేల. "దీనికి రంగెయ్యకు" అన్నాను. "ఎందుకని?" అంది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ 'ఎందుకని'కి జవాబే.

మన ఇళ్ళలో వానాకాలం వస్తే తలుపు ఉబ్బి చౌకట్టులో పట్టదు. భుజంతో నెట్టాలి. ఎండలు ముదిరేసరికి అదే తలుపు వదులై, గాలికి టపటపా కొట్టుకుంటుంది. చెక్క గాల్లో తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో వేసవి గాలి జిడ్డుగా, చెమ్మగా ఉంటుంది. చలికాలం హీటర్ వేశాక ఇంట్లో గాలి పెదాలు పగిలేంత పొడిగా తయారవుతుంది. ఈ రెంటి మధ్య చెక్కలో తేమ నాలుగు శాతం మారిందనుకుంటే, రెండుంబావు అంగుళాల ఎర్ర ఓక్ పలక వెడల్పులో సుమారు 0.8 మిల్లీమీటరు తగ్గుతుంది. అన్ని పలకల మధ్యా అంతంత సందు విచ్చుకుంటుందన్నమాట. రెండు పూతల రంగు ఆరాక దాని మందం ఎంత? మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కింద పలకలు అంత విడిపోతుంటే, అంత పల్చటి పొర వాటిని అంటిపెట్టుకుని సాగలేదు. సరిగ్గా సందు దగ్గర చిట్లుతుంది.

పారదర్శకమైన వార్నిష్ వేసిన నేలలోనూ ఈ సందులు వస్తాయి. అయితే చెక్కరంగు నేలలో సన్నటి నీడలా కలిసిపోతాయి. తెల్లరంగు మీద అదే గీత తెల్లపంచె మీద మరకలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సందుల్లో లప్పం కూరితే సరిపోదా అని అడుగుతారు. చలికాలం కూరిన లప్పాన్ని వేసవిలో పలకలు ఉబ్బి నలిపి పైకి తోస్తాయి. మళ్ళీ చలికాలానికి అది ముక్కలై చీపురుకి వస్తుంది.

ఇంకో చిక్కు, వెనక్కి రావడం. గోడకి రంగు నచ్చకపోతే పైన ఇంకోటి వేస్తాం. చెక్క నేలకి రంగు వేశాక మళ్ళీ చెక్కే బావుంది అనుకుంటే, మెషీన్ వేడికి రంగు మెత్తబడి ఉప్పుకాగితానికి జిగురులా పట్టుకుంటుంది. కాగితాల మీద కాగితాలు మార్చాలి, గరుకైనవి వాడాలి, చెక్క ఎక్కువ పోతుంది. ఇంతాచేసి సందుల్లోకి దిగిన రంగు రాదు. గోరుతోనూ ఉలితోనూ గీకుతూ కూర్చోవాలి. పైచెక్క ఐదు మిల్లీమీటర్లు ఉన్న ఇంట్లో ఇదంతా కోరి తెచ్చుకోవడమే.

పోనీ ఆ వెలిసిపోయిన నేలని ఏం చేయాలి? చాలామందికి తెలియని మధ్యదారి ఒకటుంది. పై పూత మాత్రమే అరిగి, చెక్క బయటపడకపోతే అసలు చెక్క జోలికే పోనక్కర్లేదు. పాత పూతని నున్నటి జల్లెడ కాగితంతో కాస్త గరుకు చేసి, మీద ఇంకో పూత వార్నిష్ వేయిస్తే చాలు. దీని ఖర్చు పూర్తి శాండింగులో కొంత భాగమే, చెక్క నష్టం సున్నా. కాకపోతే ఆ నేలకి ఎప్పుడూ మైనం రాసి ఉండకూడదు. మైనం మీద ఏ పూతా నిలవదు. మూల ఓ నీటిచుక్క వేసి పది నిమిషాలాగి చూడండి. కింద తెల్లటి మచ్చ తేలితే మైనం ఉన్నట్టే.

ఆ నల్లమచ్చ సంగతి ఆసక్తికరమైనది. ఓక్ చెక్కలో టానిన్ ఎక్కువ, మన కరక్కాయలో ఉన్నట్టే. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్ళు బట్టని కరక్కాయ, పాలలో నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిం నీళ్ళతో గీత గీస్తారు. ఇనుము టానిన్‌ని తాకగానే గీత నల్లబడుతుంది. ఓక్ నేలమీద తడిసిన పూలకుండీ ఇనుప స్టాండుని ఏళ్ళ తరబడి ఉంచినా జరిగేది అదే కలంకారీ. ఇలాంటి మచ్చకి ఆక్సాలిక్ ఆమ్లం వాడితే చాలావరకు వదులుతుంది. పెంపుడు కుక్క మూత్రం లోతుగా ఇంకిన మచ్చ మాత్రం అలా పోదు, శాండింగుకీ లొంగదు. అయితే ఆ నాలుగు పలకలే ఊడదీసి కొత్తవి అతికించవచ్చు. ఒక మచ్చ కోసం హాలంతా రంగు వేయడం, పంటి నొప్పికి దవడ తీయించుకోవడం లాంటిది.

ఇంతవరకూ చదివి నేను రంగుకి ఆగర్భశత్రువుననుకోకండి. అమెరికాలో నేలకి రంగు వేయడం నిన్నమొన్నటి ఫ్యాషను కాదు. పలకల్ని మెషీన్లమీద ఒకే కొలతకి కోసే రోజులు రాకముందు, న్యూ ఇంగ్లండ్ పల్లె ఇళ్ళలో పరిచినవి చాలామటుకు వెడల్పాటి పైన్ పలకలు. అవి మెత్తన, తొందరగా మాసేవి. అందుకని వాటికి రంగు పూసేవాళ్ళు. దేశాధ్యక్షుడుగా చేసిన థామస్ జెఫర్సన్ వర్జీనియాలోని తన మాంటిసెల్లో భవనంలో ముందు హాలు నేలకి పచ్చగడ్డి రంగు వేయించాడు. ఆ సలహా ఇచ్చినవాడు ఆయన చిత్రపటం గీసిన గిల్బర్ట్ స్టూవర్ట్. ఇప్పటికీ ఆ హాల్లోకి అడుగుపెడితే నేల పచ్చగానే ఉంటుంది. వానకి తడిసే వరండా పలకలకి బూడిదరంగు పూయడం కూడా అక్కడ పాత అలవాటే.

అంటే రంగు పడాల్సిన చెక్క వేరే ఉందన్నమాట. ఇక్కడ 'హార్డ్‌వుడ్' అన్న పేరు కొంచెం మోసం చేస్తుంది. వెడల్పాకుల చెట్ల కలప అంతా హార్డ్‌వుడ్, సూదుల్లాంటి ఆకులుండే పైన్, ఫర్ చెట్లది సాఫ్ట్‌వుడ్. అది చెట్టు జాతిని బట్టి వచ్చిన పేరేగానీ గట్టితనాన్ని బట్టి వచ్చింది కాదు. దూదిలాంటి బాల్సా కూడా లెక్కప్రకారం హార్డ్‌వుడ్డే! గట్టితనం చూడడానికి జాంకా పరీక్ష ఉంది. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని సగందాకా చెక్కలోకి దించడానికి ఎంత బలం పడుతుందో కొలుస్తారు. ఎర్ర ఓక్‌కి దాదాపు 1290 పౌండ్లు, గట్టి మేపుల్‌కి 1450, మన టేకుకి వెయ్యి పైచిలుకు, డగ్లస్ ఫర్‌కి 660, తెల్ల పైన్‌కి 380. చేవదేరిన దక్షిణాది పైన్ 1225తో ఓక్ పక్కనే నిలబడుతుంది, పేరుకి సాఫ్ట్‌వుడ్ అయినా.

ఆ రోజుల్లో ఇల్లు కట్టినవాళ్ళు చుట్టాలు కూర్చునే కింది గదుల్లో ఓక్ వేసి, మేడమీద పడగ్గదుల్లో, అటకమీద చవకైన పైన్ గానీ ఫర్ గానీ వేసి ఊరుకున్న ఇళ్ళు ఎన్నో. చెల్లెలి ఇంట్లోనూ అంతే. అటక గదిలో వెడల్పాటి పైన్ పలకలు, మధ్యలో ఎవరో వేసిన అతుకులు, మూడు రకాల చెక్క. అక్కడ రంగు వేస్తే పోయేదేమీ లేదు. అలాగే మేకులు తేలి, ఇంకో శాండింగు తట్టుకోలేని ఓక్ నేలకీ రంగే గౌరవమైన వార్ధక్యం. అద్దె ఇల్లయితే మాత్రం యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప బ్రష్షు ముట్టుకోవద్దు.

అయితే అటక నేలమీద అప్పటికే ఓ పాత రంగు పెచ్చులు లేస్తూ ఉంది. ఇక్కడ ఆగాలి. అమెరికాలో ఇళ్ళలో వాడే సీసపు రంగుల్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో పాత రంగు కనిపిస్తే, పరీక్ష చేయించేదాకా అందులో సీసం ఉందనే అనుకోవాలి. పొడిగా గీకితే లేచే దుమ్ము నేలమీద పాకే పసిపిల్లల చేతులకంటి నోట్లోకి పోతుంది. పిల్లల మెదడుకి సీసం చేసే హానికి ఇంత మోతాదువరకు ఫరవాలేదు అన్న హద్దేమీ లేదు. 2010 ఏప్రిల్ నుంచి అలాంటి ఇళ్ళలో డబ్బు తీసుకుని పనిచేసే కాంట్రాక్టరు దీనికి సర్టిఫికెట్ పొంది ఉండాలని నియమం ఉంది. సొంత ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్ళకి ఆ నియమం లేదు. ఆపద మాత్రం అంతే. (మనం ఇక్కడ మురిసిపోవడానికేం లేదు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూలు మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే.) సీసం ఉందని తేలితే పైన ఇంకో రంగు వేసి కప్పెయ్యడం కూడా పూర్తి మందు కాదు, ఎందుకంటే నేల రోజూ రాపిడికి గురవుతుంది. దానిమీద ఇంకో నేల పరిచి మూసెయ్యడమో, అర్హత ఉన్నవాళ్ళ చేత తీయించడమో చేయాలి. కార్పెట్ కింద తొమ్మిదంగుళాల చదరపు పాత టైల్సు, నల్లటి జిగురు కనిపించినా అంతే. వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. మీరు ముట్టుకోకుండా పరీక్ష చేయించాలి.

చెల్లెలు అటక రంగు పెచ్చు ఒకటి ల్యాబుకి పంపింది. సీసం లేదని వచ్చింది. అప్పుడు మొదలైంది అసలు పని.

రంగు నిలవడమూ ఊడడమూ తేలేది రంగుడబ్బా దగ్గర కాదు, అంతకుముందు. నున్నటి పాత వార్నిష్ మీద నీటిరంగు వేస్తే మల్లెపందిరి మీద మంచులా ఉండి పోతుంది. ముందు జిడ్డు వదిలేలా కడిగి, ఆరనిచ్చి, 120 నంబరు కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దాలి. తర్వాత ప్రైమర్. ఓక్ మీద తిన్నగా తెల్ల నీటిరంగు వేస్తే కరక్కాయ లక్షణం మళ్ళీ బయటపడుతుంది. టానిన్ నీటిలో కరిగి పైకొచ్చి తెలుపుని టీ చిందినట్టు చేస్తుంది. పైన్ ముడుల్లోంచి వచ్చే జిగురూ అంతే. ఈ రెంటినీ అడ్డుకోవడంలో షెల్లాక్ ప్రైమర్‌ని మించింది లేదు. షెల్లాక్ అంటే ఏదో విదేశీ వస్తువనుకోకండి. అది లక్క. చెట్ల కొమ్మలమీద లక్క పురుగు పెట్టే జిగురు. ప్రపంచానికి దాన్ని ఎక్కువగా పండించి పంపేది మన దేశమే. ఏటికొప్పాకలో అంకుడు చెక్క బొమ్మని కదురుమీద తిప్పుతూ అద్దే లక్కా, న్యూజెర్సీ హార్డ్‌వేర్ దుకాణంలో డబ్బాలో దొరికే ఆ ప్రైమరూ ఒక గూటి పక్షులే.

దానిమీద నేలకోసమే తయారుచేసిన ఎనామిల్ పల్చగా రెండు పూతలు. గోడరంగు పనికిరాదు, ఆరు నెలల్లో దారులు పడిపోతాయి. తెలుపు మీద రక్షణ కోసం ఇంకో పారదర్శక పూత వేయాలనుకుంటే నీటితో చేసినదే వేయాలి. నూనెతో చేసిన పాలీయురెథేన్ ఏడాది తిరిగేసరికి తెలుపుని నెయ్యిరంగులోకి తెస్తుంది. ఒక గ్యాలన్ సుమారు 400 చదరపు అడుగులకి ఒక పూత వస్తుంది. రేపటికి ఆరిపోయినట్టు కనిపిస్తుంది, మేజోళ్ళతో నడవచ్చు. కానీ లోపల గట్టిపడడానికి నెలరోజులు పడుతుంది. మంచాలు మూడు నాలుగు రోజులాగి పెట్టుకోవచ్చు, ఈడ్చకుండా ఎత్తి పెట్టాలి. తివాచీకి మాత్రం ఆ నెల ఆగండి.

నూనె రంగులు, నూనె పాలిష్‌లు వాడినవాళ్ళకి ఒక్క మాట. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుట్టలో ఆ వేడి చిక్కుకుని నిప్పు దానంతటదే రాజుకుంటుంది. 1991లో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాంటి అవిసెనూనె గుడ్డల వల్లే తగలబడి, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. గుడ్డల్ని విడివిడిగా పరిచి బయట ఆరనివ్వాలి, లేదా నీళ్ళున్న డబ్బాలో వేసి మూతపెట్టాలి.

డబ్బు మాటకొస్తే, శాండింగ్ చేసి వార్నిష్ వేయించడానికి చదరపు అడుగుకి ఊరిని బట్టి 3 నుంచి 8 డాలర్లదాకా అడుగుతారు. మనమే రంగు వేసుకుంటే మూడొందల చదరపు అడుగుల హాలుకి మూడొందల డాలర్లు దాటదు. ఈ తేడా చూసే చాలామంది రంగువైపు మొగ్గుతారు. కానీ రెండు మూడేళ్ళకోసారి నడకదారి దగ్గర మళ్ళీ పూయాలి. అమ్మేరోజు కూడా లెక్కలో వేసుకోవాలి. అమెరికా రియల్టర్ల జాతీయ సంఘం 2022 అంచనాలో పాత హార్డ్‌వుడ్‌ని మెరుగుపెట్టించిన ఖర్చుకి 147 శాతం తిరిగొస్తుందని తేలింది. రంగేసిన ఓక్‌ని చూడగానే కొనేవాడు శాండింగ్ ఖర్చు ధరలోంచి కొట్టేస్తాడు.

మన ఇళ్ళ సంగతులు కొన్ని అమెరికా పుస్తకాల్లో దొరకవు. చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటు రంగు నేలకి పెద్ద వరం. బకెట్ నీళ్ళు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచే అలవాటు శాపం. నీళ్ళు సందుల్లోకి దిగి పలకల అంచులు పైకి లేస్తాయి. దేవుడి మూల తెల్లరంగు మీద పసుపు పడితే సబ్బుకి పోదు. ఎండ పడే చోటయితే నాలుగు రోజుల్లో దానంతటదే వెలుస్తుంది. దీపపు కుందె కింద ఒక పళ్ళెం తప్పనిసరి.

చెల్లెలు చివరికి హాలు నేలని చెక్కగానే ఉంచి, పైపైన గరుకు చేయించి ఒక పూత వార్నిష్ వేయించింది. నల్లమచ్చ ఆక్సాలిక్‌కి ముప్పాతిక వదిలింది, మిగతాదానిమీద సోఫా వచ్చింది. అటక గదికి లేత ఆకుపచ్చ రంగు తనే వేసుకుంది, జెఫర్సన్ మాట నేను చెప్పకముందే. వెలుగు కావాలన్న కోరిక కిటికీ తెరలు మార్చడంతో సగం తీరింది.

ఫిబ్రవరిలో మళ్ళీ ఫొటో వచ్చింది. అటకమీద ఆకుపచ్చ పలకల మధ్య వెంట్రుకల్లాంటి గీతలు. "అంతా పాడైపోయిందా అన్నయ్యా? మళ్ళీ వెయ్యాలా?" అని కంగారు. ఏమీ చెయ్యొద్దు, జూన్ దాకా ఆగమన్నాను. జూన్‌లో ఫొటో రాలేదు. జూలైలో నేనే ఫోన్ చేసి ఆ గీతలేమయ్యాయని అడిగాను.

"ఏ గీతలూ?" అంది.